రైలు గేటు దాటించిన మస్తాన్ మావయ్య

మా చిన్నప్పుడు... పత్తి తీతలు మొదలయ్యాయంటే ఇంట్లో మనుషులకి చోటుండేది కాదు. గురజాల దగ్గర పల్లెలో మాది ఒంటిగది ఇల్లు. గదిలో సగానికి పైగా పత్తే... దూలాల దాకా. అమ్మానాన్నలు వసారాలో చాప వేసుకునేవాళ్ళు. నాకూ చెల్లి రూతుకీ మాత్రం పండగ. బడి నుంచి రాగానే ఆ కుప్ప ఎక్కి దూకడమే పని.

ఆ రోజు డిసెంబరు ఆఖరి శనివారం. మర్నాడు చర్చిలో ఏడాది చివరి కృతజ్ఞతా కూడిక. నాన్న పనిమీద నరసరావుపేట వెళ్ళాడు. అమ్మ దేవుడికి అర్పించాల్సిన గుమ్మడికాయని వసారాలో కూర్చుని తుడుస్తోంది.

సాయంత్రం, చీకటి పడుతుండగా... రూతు కుప్ప మీద నుంచి జారి, "అక్కా, ఏదో కుట్టింది" అంది. ఏడవలేదు. మడమ మీద సన్నటి గాట్లు... చీమేమో అనుకున్నాను. అంతలో పత్తిలోంచి నల్లటిది, ఒంటి నిండా తెల్లని కట్లతో, గోడవారగా జారిపోయింది.

నా అరుపుకి వీధి వీధంతా మా గుమ్మం ముందుకొచ్చింది.

"కట్లపామే! మంత్రం ఏపియ్యండి."

"పాస్టరు గార్ని పిలవండి, ప్రార్థన చేస్తాడు."

"ముందు పసరు తాపండే..."

అందరూ మా మంచి కోరినవాళ్ళే. కానీ ఎవరూ కదలరు. రూతుని ఒళ్ళో పెట్టుకుని అమ్మ ఒక్కొక్కరి మొహం చూస్తోంది. రూతు రెప్పలు వాలిపోతున్నాయి.

అప్పుడొచ్చాడు మస్తాన్ మావయ్య. మా వీధి చివర ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. అమ్మ ఆయన్ని "అన్నా" అనేది కాబట్టి మాకు మావయ్య. మోటారుసైకిలు మీద వచ్చి, ఇంజను ఆపకుండానే అరిచాడు.

"ఏంది చెల్లెమ్మా, అట్టా కూర్చున్నావు? ఎక్కు! ఆసుపత్రికి పోదాం, ప్రార్థన బండి మీద చేసుకోవచ్చు. అమ్మాయ్, నువ్వూ ఎక్కు. చెల్లిని మాట్లాడిస్తా ఉండు... నిద్రపోనియ్యమాక."

మావయ్య వెనక నేను, నా వెనక రూతు, దాన్ని పొదివి పట్టుకుని అమ్మ. నేను మెడ వెనక్కి తిప్పి అడుగుతూనే ఉన్నాను.

"వారాల పేర్లు చెప్పవే రూతూ."

"ఆదివారం... సోమ..."

"తర్వాతేందే? చెప్పు!"

"నిద్దరొస్తందక్కా..."

గట్టిగా గిల్లాను. అయినా ఏడవలేదు. నాకు అసలు భయం అప్పుడేసింది.

రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి... గేటు పడి ఉంది. దారికి అడ్డంగా గూడ్సు బండి ఆగి ఉంది. దాని మొదలూ చివరా కనపడటం లేదు. "సిగ్నల్ లేదంట. ఎప్పుడు కదిలిద్దో తెలవదు" అన్నాడు పక్కనున్న ట్రాక్టరు డ్రైవరు.

మావయ్య తన బండిని అక్కడే పడేశాడు. రూతుని భుజాన వేసుకున్నాడు.

"అన్నా... రైలు కదిలితే?" అంది అమ్మ.

"కదలక ముందే దాటాల. నా ఎనకే రా."

రెండు పెట్టెల మధ్య కొక్కెం మీదికి ఎక్కాడు. నేనూ ఎక్కాను. నా లంగా ఇనుముకి పట్టుకుంది... ఎంత లాగినా రాదు. మావయ్య ఒక చేత్తో రూతుని పట్టుకునే, రెండో చేత్తో నన్ను లాగేశాడు. లంగా బర్రున చిరిగింది. మా వెనక అమ్మ కాలు కంకర మీద పడిందో లేదో, ఆ చివర్నుంచి ఈ చివరికి పెట్టెలు దడదడమని ఒక్క కుదుపు కుదిపాయి. బండి కదిలింది. అమ్మ అక్కడే కూర్చుని ఏడ్చేసింది.

"ఏడుపులు తర్వాత చెల్లెమ్మా, లెగు!"

గేటు అవతల ఆగిన ఆటోని మావయ్యే వెనక్కి తిప్పించాడు.

ఆసుపత్రిలో రూతుని లోపలికి తీసుకెళ్ళి తలుపేశారు. వరండాలో ఒక మూల అమ్మ మోకాళ్ళ మీద... ఇంకో మూల మావయ్య చేతులు పైకెత్తి, కళ్ళు మూసుకుని. వాళ్ళిద్దరి మధ్య నేను ఆ తలుపునే చూస్తూ కూర్చున్నాను.

తెల్లారాక రూతు కళ్ళు తెరిచి నన్ను చూసింది. "అక్కా, నీ లంగా చిరిగిందే" అంది.

అమ్మ రెండు చేతులూ జోడించి మావయ్య ముందు నిలబడింది. "ఊరుకో చెల్లెమ్మా. నా బండి గేటు కాడ పడుంది, పోయి చూసుకోవాల" అని ఆయన వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేను జాంబియాలో ఒక పల్లెటూరి మిషన్ బడిలో టీచర్ని. రూతు మాచర్లలో ఉంటోంది, ఇద్దరు పిల్లల తల్లి. నిన్న ఇక్కడి చర్చి సంఘంలో ఏడాది చివరి కూడిక జరిగింది. ఒక్కొక్కరు లేచి ఒక కృతజ్ఞత చెప్పాలి. నేను ఈ సంగతి చెప్పాను. కూడిక అయ్యాక ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "మాకు చెప్పావు సరే... ఆయనకి చెప్పావా?" అని అడిగింది.

చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా.

రూతుని నంబరు అడిగి ఫోన్ చేశాను. మావయ్య గొంతు ముసలిదైపోయింది. మొత్తం చెప్పాను... పాము, గేటు, గూడ్సు బండి.

"ఏ పాపమ్మా? గుర్తు రావట్లా తల్లీ... చానా మందిని ఎక్కించుకపోయాన్లే బండి మీద. అందరూ బతకలా. నీ చెల్లెలు బతికింది గదా? అది చాలు."

ఫోన్ పెట్టేసి, రూతుకి ఆ మాటే చెప్పాను.

ఇప్పుడు మా ఊరికి ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తోందట. మంచిదే... చాలా మంచిదే. కానీ, ఎవరి ఇంట్లో అరుపు వినపడినా అది మన ఇల్లే అనుకునే మనుషులు ఆ వీధిలో ఇంకా ఎంతమంది మిగిలారో.

మీకూ ఉండే ఉంటారు కదా, అలాంటి ఒకరు... ఎవరో ఇక్కడ రాయండి. రాసేముందు వాళ్ళకి ఫోన్ చేయండి.