కొంచెం సర్దుకోండమ్మా

కూర్చున్న మనిషిని కూర్చున్నచోట ఉండనివ్వడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. సినిమాహాల్లో, విందుల్లో, డాక్టరు గది ముందు బెంచీమీద, ఎక్కడైనా సరే, నలుగురు కుదురుగా కూర్చుని కనపడితే చాలు, ఆవిడ చేతులు ఊరుకునేవి కావు. “కొంచెం సర్దుకోండమ్మా” అంటూ మొదలుపెట్టేది. ఆ మాట వింటే మగవాళ్ళు కూడా, ఎందుకో తెలియకుండానే, లేచి నిలబడేవారు. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర వరసను ఎంత తారుమారు చేసిందంటే, ఊరికే తోడు వచ్చినవాడు పన్ను పీకించుకుని ఇంటికి వెళ్ళాడట.

ఆవిడ ఉద్యోగం దూరప్రయాణాల విమానంలో. సిబ్బంది అందరికీ పెద్ద. చాటున పెట్టుకున్న పేరు సర్దుకోండమ్మ, ఎదురుగా మాత్రం అందరికీ అక్క. ఆవిడ చేతిలో అందరికంటే ఎక్కువ నలిగినవాడు విమానంలో వంటగది చూసే తమ్ముడు. తమ్ముడన్నది అక్క పిలుపే గాని, చిన్నవాడేం కాదు. బట్టతల, బొజ్జ, ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేసి అలసిపోయిన మనిషి. అక్క భర్త ఎప్పుడైనా కనిపిస్తే తమ్ముడు ఆయన్ని జాలిగా చూసేవాడు. “మీకు పనివేళల్లోనే కదయ్యా,” అనేవాడాయన. “నేను మంచం ఏ గదిలో ఉందో వెతుక్కుని పడుకోవాలి.”

వాళ్ళు తిరిగేది రెండంతస్తుల విమానంలో. ఆ సంస్థలో అంతకంటే పెద్దది లేదు. సముద్రం దాటి అవతలి తీరం చేరేసరికి పగలంతా గడిచిపోయేది. అంత పెద్ద విమానానికి సరిపడా జనం ఆ దారిలో ఎప్పుడూ ఎక్కేవారు కాదు. కింద ఖాళీలు, మేడమీద ఖాళీలు. అక్కకి అది పండగ.

“ఏమ్మా, ఇక్కడ కూర్చున్నారేం?”

“నా సీటు ఇదేనండీ.”

“ఈ కిటికీలోంచి గాలి కొడుతుందమ్మా, జలుబు చేస్తుంది. రండి, వెనక మంచి సీటుంది.”

మబ్బుల పైన ఎగిరే విమానంలో కిటికీలోంచి గాలి కొట్టడమేమిటని ఆలోచించేలోపు, ఆ మనిషి సంచీ అక్క చేతిలో ఉండేది. సంచీ వెనకాల మనిషి నడిచేవాడు. ఆ సీట్లోకి ఇంకొకరు, వాళ్ళ సీట్లోకి మరొకరు. విమానం నేల వదిలేసరికి, ఎక్కినప్పుడు కూర్చున్నచోట మిగిలేది పైలట్లు మాత్రమే.

ఇదంతా తమ్ముడి ప్రాణం మీదికి వచ్చేది. ఎవరికి ఉప్పులేని భోజనం, ఎవరికి చక్కెర లేనిది, ఎవరికి పిల్లల భోజనం అన్నది అతను సీట్లను బట్టి గుర్తుపెట్టుకునేవాడు.

“అక్కా, ఉప్పులేని భోజనం ఆయనేరి?”

“మేడమీద ఉన్నారు.”

“మేడమీదికి ఎందుకెళ్ళారు?”

“ఆయన సీటు కింద చప్పుడొస్తోంది.”

“విమానమన్నాక చప్పుడు రాదా అక్కా?”

“అది వేరే చప్పుడు.”

ఒకరోజు ఈ గందరగోళంలో, కుస్తీలు పట్టేవాడిలా ఉన్న ఒక మనిషి ముందు కుందేలు బొమ్మతో సహా పిల్లల భోజనం పెట్టేశాడు తమ్ముడు. వెనక్కి ఇమ్మని అడిగే ధైర్యం లేక దూరంగా నిలబడి చూశాడు. ఆ మనిషి మారుమాట లేకుండా తినేసి, కుందేలును జేబులో వేసుకున్నాడు.

ఇలా ఉండగా పిడుగులాంటి వార్త వచ్చింది. ఆ దారిలోంచి పెద్ద విమానాన్ని తీసేస్తున్నారు. చిన్నది వస్తోంది. ఆ సంగతి చెప్పడానికి పైఅధికారి స్వయంగా సిబ్బంది గదికి వచ్చాడు. సిబ్బంది ఆయనకి పెట్టిన పేరు సగటుగారు. కాఫీ బాగుందా అని అడిగినా, “సగటున బాగానే ఉంటుంది” అనేవాడు. ఆయన మాట్లాడుతూ ఉంటే వినేవాళ్ళు ఒక్కొక్కరే ఏదో పని గుర్తొచ్చినట్టు జారుకునేవారు. ఆ రోజు మాత్రం ఎవరూ కదల్లేదు.

“సగటున మూడోవంతు సీట్లు ఖాళీగా పోతున్నాయి. విమానం చూస్తే ఇంధనాన్ని ఏనుగులా తాగుతోంది. ఇంకేం చేయను?” అన్నాడాయన.

“కొత్తదాంట్లో ఖాళీలు ఎన్నుంటాయి సార్?” అని అడిగింది అక్క.

“ఖాళీలుండవు. అందుకేగా మార్చింది. ఇంకోమాట, ఇకనుంచి ఎవరి సీట్లో వాళ్ళే కూర్చోవాలి. ఎవరినీ జరపడానికి వీల్లేదు. మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి, నేలమీద శిక్షణ తరగతులు ఉన్నాయి. మంచి గది, మంచి కుర్చీ.”

“నన్ను కూడా సర్దేస్తున్నారన్నమాట,” అంది అక్క నెమ్మదిగా. “ఒక్క ప్రయాణం చేయనివ్వండి సార్. ఫిర్యాదు వస్తే నేనే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాను.”

“సరే. మొదటి ప్రయాణానికి నేనూ వస్తున్నాను, చూద్దాం,” అన్నాడు సగటుగారు.

పెద్ద విమానం ఆఖరుసారి తిరిగొచ్చిన రోజు, మెకానిక్కుల దగ్గర్నుంచి తుడిచేవాళ్ళ దాకా అందరూ వచ్చి దాని చక్రాల దగ్గర ఫొటోలు దిగారు. అక్క ఫొటోకి రాలేదు. తమ్ముడు వెతుక్కుంటూ వెళితే, కింద అంతస్తులో ఒక్కతే సీట్ల వీపులు నిమురుతూ నడుస్తోంది. “ఎంతమందిని మోసింది తమ్ముడూ,” అంది. అక్కను అంత కుదురుగా అతను ఎప్పుడూ చూడలేదు. శిక్షణ తరగతుల గదిలో ఆ కుర్చీకి కూడా ఆవిడ అలాగే అలవాటుపడిపోతుందేమోనని అతనికి గుబులు పుట్టింది. ఉప్పులేని భోజనాలు సరైన చోటికి చేరే రోజులు వస్తున్నాయని సంతోషించాల్సిన మనిషి, ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

చిన్న విమానం మొదటి ప్రయాణం రోజున లోపల కాలు పెట్టే సందు లేదు. అక్క తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి బోర్డింగ్ పాస్ అందుకుని, చూసి, తిరిగిస్తోంది. సగటుగారు రెక్క దగ్గర వరసలో కూర్చున్నాడు. తలుపులు మూసే సమయానికి, చిట్టచివరి వరసలో ఇద్దరి మధ్య ఇరుక్కుని ఉన్న గళ్ళచొక్కా పెద్దమనిషి సంచీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

“నేను దిగిపోతానమ్మా. స్టవ్ ఆర్పానో లేదో గుర్తు రావట్లేదు.”

“ఎవర్ని చూడ్డానికి బయల్దేరారు బాబాయిగారూ?” అంది అక్క.

“మా ఆవిడ్ని. చెల్లెలికి ఒంట్లో బాలేదని వెళ్ళింది. చెల్లెలు కోలుకుంది, ఈవిడ మాత్రం రానంటోంది. కావాలంటే నువ్వే వచ్చి తీసుకెళ్ళు అంది.”

“మీరేం చేసేవారు?”

“బస్సు తోలేవాణ్ణి.” ఆయన గొంతు తగ్గింది. “ఇంకొకడు తోలే బండిలో ఎప్పుడూ కూర్చోలేదు తల్లీ.” ఆ మాట అంటున్నంతసేపూ ఆయన కుడికాలు నేలమీద లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

“అయితే మీరే కావాలి నాకు,” అంది అక్క. “రెక్క దగ్గర ఒక పెద్దావిడ ఒక్కతే వస్తోంది, కంగారు పడిపోతోంది. పక్కన బండి సంగతి తెలిసిన మనిషి ఉంటే బాగుంటుంది.”

ఆయన ఒక్కక్షణం ఆలోచించి చొక్కా కాలరు సర్దుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ పెద్దావిడ పక్క సీట్లో ఉన్నది సగటుగారని తమ్ముడికి అప్పుడు వెలిగింది. అతను వంటగది తెర వెనక్కి వెళ్ళి కళ్ళు మూసుకున్నాడు. చెవులు మాత్రం మూసుకోలేకపోయాడు.

“సార్, కొంచెం సర్దుకోవాలి.”

“నేనా?”

“మీకు కిటికీ గాలి కొడుతోంది.”

“నాది కిటికీ సీటే కాదు.”

“అందుకే మీకు తెలియట్లేదు.”

“ఎవరి సీట్లో వాళ్ళే కూర్చోవాలని చెప్పాను కదమ్మా. అసలు నన్నెక్కడ కూర్చోబెడతారు? ఒక్క ఖాళీ లేదు.”

“ఒకటుంది సార్.”

ఉన్నమాటే. సిబ్బంది వంతులవారీగా నడుం వాల్చడానికి తెర కట్టిన సీటు ఒకటుంటుంది. ఆ రోజు వంతు అక్కది. ముందు వరసలో చంటిబిడ్డతో అవస్థ పడుతున్న తల్లిని తీసుకెళ్ళి ఆ తెర వెనక కూర్చోబెట్టింది. ఆ తల్లి సీట్లోకి సగటుగారు వెళ్ళాలి. ఆయన వెళ్ళేవాడు కాదు. కానీ అప్పటికే కిటికీ పక్క పెద్దావిడ భయంతో ఆయన చొక్కాచేతిని గట్టిగా పట్టుకుని ఉంది. గుండీ కూడా ఊడి ఆవిడ ఒళ్ళో పడింది. విమానం సమయానికి కదలాలి. ఆయన లేచాడు. ఆ సీట్లో బస్సు బాబాయి కూర్చున్నాడు.

సముద్రం మధ్యలో కుదుపులు మొదలయ్యాయి. ట్రేలు పట్టుకుని నిలబడ్డ తమ్ముడికి రెక్క దగ్గర్నుంచి ఒక గొంతు వినిపించింది.

“ఏం కాదు పెద్దమ్మా. రోడ్డు బాలేదంతే. డ్రైవరు మంచోడే, ఇంజను చప్పుడు వింటుంటే తెలుస్తోంది. గట్టిగా పట్టుకో, ఇంకో గతుకు వస్తోంది. ఆ, దాటేశాం.”

ఆయన కుడికాలు కదలడం లేదు. ప్రయాణికుల బాధ్యత తనమీద పడిన మనిషికి భయపడే తీరిక ఎక్కడుంటుంది?

ముందు వరసలోంచి నవ్వులు కూడా వినిపించాయి. సగటుగారి పక్కన ఉన్నది బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన ఒక టీచరమ్మ. “సగటు చెప్పి ఊరుకుంటే ఎలాగండీ, ఎక్కువ తక్కువల తేడా కూడా చెప్పాలి కదా,” అంటోందావిడ. జీవితంలో మొదటిసారి తన లెక్కలు అడిగి మరీ చెప్పించుకునే మనిషి దొరికినందుకు ఆయన ముఖం వెలిగిపోతోంది. భోజనం చల్లారిపోయినా చూసుకోలేదు.

కుదుపులు ఆగాక తమ్ముడు అక్కకోసం వెతికాడు. చివరి వరసలో, మరుగుదొడ్డి పక్కన, గురకపెడుతున్న ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని ఉంది. బస్సు బాబాయి ఖాళీచేసిన సీటు అది. టీ అందించాడు.

“ఆయన భయపడుతున్నాడని ముందే ఎలా తెలిసింది అక్కా?”

“ఎక్కేటప్పుడు చెయ్యి తగులుతుంది కదా. భయం ఉన్న చెయ్యి చల్లగా ఉంటుంది.”

తమ్ముడికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. “అయితే ఇన్నాళ్ళూ ఆ కిటికీ గాలి, సీటు కింద చప్పుడు...”

“నలుగురిలో భయమేస్తోందా అని అడిగితే ఎవరు ఔనంటారు? ఒంటరిగా ఉందా అంటే ఎవరు చెప్తారు? నాకు పిచ్చి అనుకుంటే అనుకోనీ. వాళ్ళకి చిన్నతనం ఉండదు.”

“కుందేలు జేబులో వేసుకున్నాయన?”

“చెయ్యి మంచుగడ్డే అనుకో,” అంది అక్క టీ ఊదుకుంటూ.

అవతలి తీరంలో దిగాక సగటుగారు తలుపు దగ్గర ఆగాడు. గుండీ లేని చేతిని మడుచుకుంటూ గొంతు సవరించుకున్నాడు. తమ్ముడు చేతిలో ట్రే పక్కన పెట్టి దగ్గరికి జరిగాడు.

“ఎవరి సీట్లో వాళ్ళే అన్నాను. ఆ మాట మార్చను,” అన్నాడాయన. “ఎవరి సీటు ఏదో మాత్రం ఇకనుంచి మీరే చెప్పండి. శిక్షణ తరగతులకు ఇంకెవరినైనా చూసుకుంటాను.” రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాడు. “ఆ టీచరుగారి తిరుగు ప్రయాణం ఎప్పుడో కొంచెం కనుక్కుంటారా?”

తమ్ముడు వంటగదిలోకి పరుగెత్తి, మిగిలిపోయిన తీపి అంతా సిబ్బందికి పంచిపెట్టాడు.

ఆఖరున బస్సు బాబాయి వచ్చాడు. ఒక చేతిలో తన సంచీ, ఇంకో చేతిలో పెద్దావిడ సంచీ. పైలట్ తన గది ముందు నిలబడి అందరికీ నమస్కారం పెడుతున్నాడు. బాబాయి ఆయన ముందు ఆగి, కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, భుజం తట్టాడు.

“బాగానే తోలావు నాయనా. మధ్యలో ఆ గతుకుల దగ్గర ఇంకాస్త ముందే స్పీడు తగ్గించాల్సింది.”

“ఈసారి చూసుకుంటానండీ,” అన్నాడు పైలట్ వినయంగా.