చూసినవారి పేరు

పామర్రు బస్టాండులో గుడివాడ బస్సు కోసం చూస్తూ, మా కాలేజీ పిల్లల ల్యాబ్ రికార్డుల మీద చదవకుండానే సంతకాలు గీకేస్తున్నాను. పక్కనతను నెట్ సెంటర్‌లో తీసిన ప్రింటు కాగితాల్లో ఒకే పేజీని పదేపదే చదువుతున్నాడు.

"పరీక్షాండీ?" అన్నాను.

"కాదండీ, కంప్యూటర్ ప్రాసెసర్‌ని నడిపే ప్రోగ్రాము. పనుందో లేదో చూడకుండానే దాన్ని నిద్రపుచ్చుతోంది. ఒక్కోసారి ఇక లేవదు. తప్పని దాన్ని తయారుచేసేవాళ్లకి మూడుసార్లు రాశాను."

"వినలేదా?"

"అలాగే విడుదల చేశారు. పైగా, సరిచూసినవారని ఇందులో నా పేరు వేశారు."

"పోట్లాడక కూర్చున్నారేం? నేనైతే ఊరుకునేదాన్ని కాదు."

అతను నా పెన్ను అడిగి తీసుకుని తన పేరు కొట్టేశాడు. "ఈ ఒక్క కాగితంలోనేనండీ కుదిరేది" అని పెన్ను తిరిగిచ్చాడు.

అప్పటినుంచీ రికార్డులు చదివాకే సంతకం పెడుతున్నాను. ఏటా అవే తప్పులు. నేను సంతకం పెట్టిన పాత రికార్డుల్లోంచి పిల్లలు చూసి ఎక్కించుకున్నవే.