ఇంకో రెండుసార్లు రావాలి

గాయ్‌లియెన్ మా పశువైద్య కేంద్రంలో సూదుల డాక్టరమ్మ. పశువుల ఒంట్లో ఎక్కడ సూది గుచ్చితే ఏ నొప్పి తగ్గుతుందో తండ్రి దగ్గర నేర్చుకుంది. నలభై ఆరేళ్లొచ్చినా పెళ్లి చేసుకోలేదు. పొలాలూ పశువులూ అందరివీగా కమ్యూన్ నడిచినన్నాళ్లూ ఉమ్మడి కొట్టాలే ఆమెకు ఇల్లు. అక్కడ పొయ్యి చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉండేవాళ్లు. పశువుల్ని ఇంటింటికీ పంచేశాక కొట్టాలు మూతపడ్డాయి. కేంద్రం వెనక గదిలో ఆమె ఒక్కతే మిగిలింది. రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండానే గడిచిపోయేదని చాలా కాలం తర్వాత నాతో అంది.

ఆ శీతాకాలం కొండ మీది ఊరి నుంచి రెన్ మావ్‌షెంగ్ అనే ముసలాయన వచ్చాడు. ఆయన కంచరగాడిదకు చలిగాలి కొట్టి మూతి ఒక పక్కకు వాలిపోయింది. గడ్డి నమలలేక చిక్కిపోతోంది.

గాయ్‌లియెన్ రోజు విడిచి రోజు ఆ కొండెక్కేది. పెదవి మూలన, దవడ మీద, చెవి కింద సూదులు గుచ్చి, తీసేదాకా దాని మెడ నిమురుతూ నిలబడేది. పనయ్యాక ముసలాయన కోడలు హ్వాన్ కదలనిచ్చేది కాదు.

"సూదులు గాడిదకి, తిండి మీకు. ఎక్కండక్కా అరుగు మీదికి!"

ఇంటి లోపల, కింద మంట పెట్టిన వెచ్చటి అరుగు మీద కూర్చోబెట్టి, వెనిగర్ పోసిన ఓట్స్ పిండి సేమ్యా, కొర్ర జావ పెట్టేది.

"పొద్దుట్నుంచీ మీకోసం దారి చూస్తోందమ్మా ఇది. ఇన్నేళ్లు మేపానా, నా వైపు ఒక్కనాడు అలా చూడలేదు, దొంగది!" అనేవాడు ముసలాయన.

ఎనిమిదోసారి వెళ్లేసరికి గాడిద మూతి తిన్నగా ఉంది. పటపటా గింజలు నములుతోంది. గాయ్‌లియెన్ అది చూసింది. చూసి కూడా, "ఇంకో రెండుసార్లు రావాలి" అంది. ముసలాయన సరేనన్నాడు.

తొమ్మిదోసారి ఒక్క సూదే గుచ్చింది. గాడిద తల విదిల్చి వెనక్కి తగ్గింది. పదోసారి సంచి విప్పబోతుంటే హ్వాన్ పకపకా నవ్వింది.

"నిన్న నా టోపీ లాక్కుని నమిలేసిందక్కా! ఇంకేం రోగం దీనికి? ఊరికే పొడవడమెందుకు పాపం?"

ఆ పిల్ల మనసులో ఏమీ లేదు. గాయ్‌లియెన్ మొహం మాత్రం కందగడ్డయింది. తండ్రి నేర్పిన సూదిని అవసరం లేని పశువుకి గుచ్చింది మరి. సంచి మూట కట్టేసి, "అవును, నయమైపోయింది" అంది.

"పనుంటేనే రావాలా ఏంటమ్మా? ఊరికే రండి" అన్నాడు ముసలాయన.

"వస్తాను" అంది.

వెళ్లలేదు. ఏ పనీ లేకుండా ఒకరి గుమ్మంలో నిలబడి ఏం చెప్పాలో ఆమెకు తెలియదు.

వసంతంలో ముసలాయనే గాడిద బండి కట్టుకుని బంగాళదుంపల బస్తా తెచ్చాడు. ఆరోజు గాయ్‌లియెన్ టీకాలకని వేరే ఊరు వెళ్లింది. మధ్యాహ్నందాకా చూసి, బస్తా నాకప్పజెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం చెబితే, "గాడిద ఎలా ఉంది?" అని అడిగింది.

"బండి తాడు కొరుకుతూ నిలబడింది" అన్నాను.

నవ్వింది. బస్తా పెద్దది, తినేది ఒక్కతే. మా అందరికీ పంచింది. మిగిలిన దుంపలు మొలకలొచ్చేదాకా ఆమె గది మూలనే ఉన్నాయి.