మా గోడమీది పెద్దాయన

ధర్మపురిలో మా ఇంటి నడిమింట్లో ఒక పటం ఉండేది. తలపాగా, మెడదాకా గుండీలు పెట్టిన పొడుగు కోటు, భుజం మీద ఉత్తరీయం, అప్పుడే ఎవరినో చివాట్లు పెట్టి కూర్చున్నట్టున్న ముఖం. బొమ్మ కింద రెండు వరసల తెలుగు అక్షరాలు. మా తాత ఆయనను చూపించి "మా తాత" అనేవాడు. మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. దేవుళ్ళ పటాలకు శుక్రవారం మాత్రమే పూలు. పెద్దాయనకు రోజూ. పెద్దల అమావాస్యనాడు ఆయన ముందర అరిటాకు వేసి, అన్నం, వడలు, పాయసం వడ్డించి, ఆయన తినేందుకు వీలుగా తలుపు దగ్గరికి వేసి మేం బయట కూర్చునేవాళ్ళం. నాకు చిన్నప్పటినుంచీ ఆకలి ఎక్కువ. ఈయన ఇంత నిదానంగా తింటాడేమిటని లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

మాది చింతపండు వ్యాపారం. మావాళ్ళు ఎన్ని తరాల కిందట ఈ పక్కకు వచ్చారో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడి తమిళం, ఉత్తరాలు తమిళం, బస్సు మీద ఊరి పేరు తమిళం. తెలుగు అక్షరం ఒక్కటంటే ఒక్కటి మా ఇంట్లో ఎవరికీ రాదు. పటం కింద ఉన్నవి మన అక్షరాలని మాత్రం తెలుసు. అందువల్ల ఆయన మనవాడనీ తెలుసు. అక్కడ రాసింది ఆయన పేరూ ఊరూ అని తాత చెప్పేవాడు. చదివింది ఎవరని అడగాలన్న తెలివి మాకు ఎవరికీ లేకపోయింది. అడిగే ధైర్యం అంతకంటే లేదు.

ఎందుకంటే ఆ ఇంటిని నడిపింది ఆయనే. ఏ మంచిపనైనా ఆయనను అడగందే మొదలుపెట్టేవాళ్ళు కాదు. ఒక పొట్లంలో ఎర్రపువ్వు, ఒక పొట్లంలో తెల్లపువ్వు కట్టి పటం ముందర వేసేవారు. ఇంట్లో అందరికంటే చిన్నదాన్ని కాబట్టి నాచేత ఒకటి తీయించేవారు. తెలుపు వస్తే సరేనన్నట్టు, ఎరుపు వస్తే వద్దన్నట్టు. మా చింతపండు మండీ వాకిలి ఏ దిక్కుకు పెట్టాలన్నది అలా తేలిందే. అయిదో తరగతి తర్వాత నన్ను బడికి పంపాలా వద్దా అన్నదీ అలా తేలిందే. ఆ రోజు తెల్లపువ్వు రాకపోయుంటే ఇది రాసేదాన్ని కాను.

అడగడానికి పువ్వులు, అదుపు చేయడానికి ఒక మాట. "ఆయన చూస్తా ఉన్నాడు." తాత ఈ మాట రోజుకు పదిసార్లయినా అనేవాడు. అందులో తొమ్మిది మా అత్తకే.

అత్త మా నాయనకు చెల్లెలు. పెళ్ళయిన ఏడాదికే కామెర్లు వచ్చి ఆమె మొగుడు పోయాడు. పంతొమ్మిదేళ్ళ మనిషి పుట్టింటికి తిరిగి వచ్చింది. బొట్టు లేదు, పూలు లేవు, గాజులు లేవు. తెల్లవారింది మొదలు దొడ్లో కూర్చుని చింతపండు గింజలు తీసేది. ఆమెకు నవ్వు తొందరగా వస్తుంది. నేను బడిలో టీచరు నడకను చేసి చూపిస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. లోపలినుంచి తాత గొంతు వినిపించేది. "ఆయన చూస్తా ఉన్నాడు." నవ్వు అక్కడే ఆగిపోయేది. తాతంటే నాకు కోపం వచ్చేది. ఇప్పుడు తలుచుకున్నా కొంచెం వస్తుంది.

పెద్దాయనకు పూలదండ కట్టే పని మాత్రం అత్తదే. సాయంత్రం సన్నజాజులు ఒళ్ళో పోసుకుని, వేళ్ళు కనిపించనంత వేగంగా కట్టేది. మూరెడు తుంచి నా జడలో పెట్టి, మిగిలింది పటానికి వేసేది. తర్వాత పెరట్లోకి పోయి చేతులు కడుక్కోవడానికి ముందు ఒకసారి వేళ్ళు వాసన చూసుకునేది. నేను చూశానని ఆమెకు తెలియదు.

డెబ్భైల మొదట్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, మా నాయన కారిమంగళం సంతకు పోయి ఒక మాట మోసుకొచ్చాడు. అక్కడ బట్టలు కుట్టే మనిషి ఒకాయన, మాకు దూరపు చుట్టం, అత్తకు బావ వరస. తొలి కాన్పులో ఆయన పెళ్ళాం పోయింది. అత్తను ఇస్తారా అని నాయనను నేరుగా అడిగాడు. నాయనకు ఇష్టమే. అమ్మకూ ఇష్టమే. తాత ముందర ఆ సంగతి ఎత్తితే ఆయన కోప్పడలేదు. దానికే మాకు భయం వేసింది.

"మన ఇంట్లో అట్లాంటిది లేదు," అన్నాడు.

"పూలు కట్టి అడుగుదాము నాయనా. ఏం వస్తే అది," అన్నాడు మా నాయన.

"ఆయన ముందర ఆ మాట ఎత్తేదానికి నాకు నోరు రాదు. ఇంగ దాన్ని విడిచిపెట్టు."

అలా అత్త పెళ్ళి సంగతి మాత్రం పెద్దాయన దగ్గరికి పోకుండానే ఆగిపోయింది. ఇంట్లో అన్నిటికీ పువ్వులు కట్టారు. ఆమెకు ఎరుపో తెలుపో తీసుకునే అవకాశం కూడా ఇవ్వలేదు. ఆ రోజూ అత్త దండ కట్టింది, ఎప్పటిలాగే.

ఆ నెలలోనే బడిలో మా చరిత్ర టీచరు పోయిన శతాబ్దపు గొప్పవాళ్ళలో తలా ఒకరి గురించి రాసుకుని రమ్మంది. మంచి మంచివాళ్ళను ముందు బెంచీ పిల్లలు పంచేసుకున్నారు. నా వంతు వచ్చేసరికి టీచరు నా ముఖం చూసి, "నువ్వు తెలుంగు పిల్లవు కదా, నీకు ఈయన," అని గ్రంథాలయం పుస్తకంలో ఒక పేజీ తీసి ఇచ్చింది. తలపాగా, గుండీల కోటు, ఉత్తరీయం, చివాట్లు పెట్టే ముఖం. మా పెద్దాయన. నడిమింట్లో ఆకులో వడ తినే మా పెద్దాయన, బడి పుస్తకంలో.

నాకు మొదట గర్వమే కలిగింది. మా తాతగారి తాత ఇంత గొప్పవాడా అనుకున్నాను. చదివేకొద్దీ ఆ గర్వం జారిపోయింది. ఆయన ఊరు వేరు, ఇంటిపేరు వేరు. ఎక్కడో ఆంధ్రా పక్క మనిషి, ధర్మపురి ముఖమే చూసినట్టు లేదు. ఇక ఆయన జీవితమంతా చేసిన పని ఇది. చిన్నవయసులో మొగుళ్ళు పోయిన ఆడపిల్లలకు ఆయన మళ్ళీ పెళ్ళిళ్ళు చేయించాడు. చుట్టాలు వెలివేసినా, ఊరు ఊరంతా ఎదురు తిరిగినా చేయించాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఇందులో మాకెవరికీ పేర్లు లేనప్పుడు ఆయన ఒక్కడికీ ఎందుకు?

ముందు అత్తకే చెప్పాను. దొడ్లో ఆమె గింజలు తీస్తూ ఉంటే పక్కన కూర్చుని ఆ పేజీలన్నీ తమిళంలో చదివాను, తెలుగులో చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. బొమ్మ చూపిస్తే మాత్రం చాలాసేపు చూసింది. సంతోషిస్తుందనుకున్నాను. ఏడుస్తుందేమో అని కూడా అనుకున్నాను.

"ఆ పిల్లలు పూలు పెట్టుకున్నారా?" అని అడిగింది.

పుస్తకంలో ఆ సంగతి లేదు. లేదనే చెప్పాను.

తాతకు చూపిస్తే ఆయన పుస్తకాన్ని దూరంగా పట్టుకుని చూసి తిరిగి ఇచ్చేశాడు. "తలపాగా కట్టినోళ్ళంతా ఒక మాదిరిగానే ఉంటారు. పొయ్యి చదువుకో." అంతటితో ఊరుకుని ఉంటే మంచిపిల్లననిపించుకునేదాన్ని. ఊరుకోలేదు.

మాసి నెలలో, శివరాత్రి రోజుల్లో, చిత్తూరు పక్కనుంచి ఒక ఆసామి ఏటా మా దగ్గర చింతపండు కొనడానికి వచ్చేవాడు. తెలుగు చదవడం వచ్చిన మనిషి మా గడప తొక్కేది ఆ నాలుగు రోజులే. ఆయన భోజనం ఎప్పుడూ అరుగు మీదే కాబట్టి నడిమిల్లు చూసింది లేదు. ఆ ఏడు ఆయన చేయి కడుక్కుంటూ ఉండగా, తాత పక్కనే ఉండగా, నేను అడిగేశాను. "లోపల ఒక పటం ఉండాది. కింద ఏమి రాసి ఉండాదో చదివి చెప్తారా?"

తాత నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. వచ్చినవాడి ముందర కాదనలేక ఊరుకున్నాడు. ఆసామి లోపలికి వచ్చి, పటం చూసి, తడిచేతులు పంచెకు తుడుచుకుని దండం పెట్టాడు. తర్వాత చదివాడు. మొదటి వరస పుస్తకంలోని పేరే. రెండో వరస ఆయనను పొగిడే బిరుదు.

"ఎంత సంతోషమయ్యా," అన్నాడు తాతతో. "ముండమోసిన ఆడబిడ్డలకి పెండ్లిండ్లు చేయించిన మహానుభావుడు. ఈయన పటం నడిమింట్లో పెట్టి పూలు వేసే ధైర్యం మా పక్కనే శానా మందికి లేదు. మీది పెద్ద మనసు."

"మజ్జిగ తాగి పోండి," అన్నాడు తాత.

ఆ ఆసామి దగ్గరే ఆ నాలుగు రోజుల్లో నేను తెలుగు అక్షరాలు కొన్ని దిద్దుకున్నాను, మిగిలినవి మరుసటి ఏడు. నేను సొంతంగా చదివిన మొదటి తెలుగు మాట పెద్దాయన పేరు.

ఆసామి పటం చదివిన రోజు సాయంత్రమే తాత దానికున్న దండ తీసేశాడు. ఇకనుంచి పూలు వద్దన్నాడు. వాళ్ళ నాయన, అంటే మా ముత్తాత, పట్నానికి చింతపండు బండ్లు తోలుకుపోయి తిరిగి వస్తూ ఆ పటం తెచ్చాడట. ఇదే మీ తాత అన్నాడట. అప్పటికి ఏడేళ్ళ పిల్లవాడైన తాత నమ్మాడు. ముత్తాతకూ చదవడం రాదు. మన అక్షరాలు, మన తలపాగా, మన కోపం చూసి తన తండ్రే అనుకున్నాడో, ముఖం మరిచిపోయిన తండ్రికి బదులు ఒక ముఖం కొనుక్కున్నాడో ఎవరికి తెలుసు. డెబ్భై ఏళ్ళ వయసులో మా తాతకు తన తాత లేకుండా పోయాడు. అప్పుడు నాకు ఆయన మీద జాలి కలగలేదు. బాగా అయిందనుకున్నాను. ఆ మాటకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

అత్త మాత్రం దండలు కట్టడం మానలేదు. పటానికి వేయకూడదు, తాను పెట్టుకోకూడదు. మూడు రోజుల దండలు ఇత్తడి పళ్ళెంలో వాడిపోయి పడి ఉన్నాయి.

నాలుగో రోజు పొద్దున మా నాయన ధైర్యం చేశాడు. "ఇప్పుడైనా పూలు కట్టి పెద్దాయనను అడుగుదాము."

"ఎవర్ని అడిగేది? ఆయన మనోడు కాడు," అన్నాడు తాత.

అత్త దొడ్లోనుంచి వచ్చింది. చేతులు మోచేతులదాకా చింతపండు జిగురు. తన తండ్రి ముఖం చూసి ఆమె మాట్లాడగా నేను విన్నది అదే మొదటిసారి.

"ఆయన చూస్తా ఉన్నాడని అయిదేండ్లుగా నేను నవ్వలేదు నాయనా. అప్పుడు మనోడైతే ఇప్పుడూ మనోడే. పూలు కట్టే పనేమీ లేదు. ఆయన ఏం చెప్తాడో పాప చదివి చెప్పింది కదా."

తాత చెప్పులు వేసుకుని మండీకి పోయాడు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. మరుసటి రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ, ఎవరివైపూ చూడకుండా, మా నాయనతో అన్నాడు. "వాండ్లకి మాట ఇచ్చెయ్యి. నేను మాత్రం రాను."

పెళ్ళి కారిమంగళంలో, గుడిలో, పదిమందితో. తాత నిజంగానే రాలేదు. చుట్టాల ముందర నిలబడడం ఆయనవల్ల కాలేదు. మేము బస్టాండుకు బయలుదేరుతుంటే మాత్రం కొత్త తువ్వాలలో చుట్టిన ఒక పలక తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. విప్పకుండానే నాకు తెలిసిపోయింది. గోడమీద దాని చోటు తెల్లగా ఉంది.

"పెద్దోళ్ళు లేకుండా కల్యాణం చేయకూడదు," అన్నాడు. "ఈయన్ని ఎత్తుకొని పో. నాకు చేతగాదు. ఈయనకి ఇది కొత్త కాదు."

బస్సులో పటం దారి పొడుగునా నా ఒళ్ళోనే ఉంది. కండక్టరు ఎవరని అడిగితే మా పెద్దాయన అన్నాను.

గుడిలో ఆయనను ఒక కుర్చీమీద కూర్చోబెట్టాం. తాళి కట్టడం అయ్యాక కొత్త దంపతులు ముందు మా నాయన కాళ్ళకు, తర్వాత ఆయనకు మొక్కారు. అత్త లేచి, జడలోని సన్నజాజుల దండను లాగింది. మూరెడు తుంచి ఆయన పటానికి వేసింది. మిగిలిందంతా తిరిగి తన జడలో పెట్టుకుంది. సంవత్సరాలుగా నాకు మూరెడు ఇచ్చి మిగతాదంతా ఆయనకు వేసిన మనిషి.

తర్వాత నా పక్కకు వచ్చి నిలబడి, ఎప్పుడో దొడ్లో ఆగిపోయిన మాటను అందుకున్నట్టు మెల్లగా అంది. "పెట్టుకొనే ఉంటారు పాపా."