నంబరు లేదు

రెండువేల సంవత్సరం దాటాక రాజమండ్రిలో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఇంటర్ ఫలితాలు నెట్‌లో చూపించే పని మా చేతికొచ్చింది. ఒక్క సర్వర్ తట్టుకోలేదని మూడు పెట్టి, హాల్‌టికెట్ నంబర్లను మూడింటికీ పంచాం. ఎవరు ఏ సర్వర్‌ని అడిగినా, ఆ నంబరు తన దగ్గర లేకపోతే అది ఉన్న సర్వర్‌కి పంపి జవాబు తెప్పించాలి. ఆ పంపే ప్రోగ్రాం నేనే రాశాను.

అవతలి సర్వర్ పలక్కపోతే ఏం చెప్పాలి? 'నంబరు లేదు' అని రాసి పడేశాను. మా వైపు పేపర్లో పాసైన నంబర్లే వేసేవారు. నంబరు లేదంటే తప్పినట్టే. ఆ పేపరు మీద వేలు పెట్టి వెతుక్కున్నవాణ్ణే నేను, నాకా ముక్క తట్టలేదు. చదువుకున్న మూర్ఖుణ్ణి.

ఫలితాలొచ్చిన మధ్యాహ్నం మూడో సర్వర్ పడిపోయింది. కాసేపటికి తణుకు నుంచి నాన్న ఫోన్ చేశారు. కంప్యూటర్ ఉద్యోగమని తప్ప నా పనేంటో ఆయనకి తెలియదు.

"చెల్లాయి నంబరు లేదురా. నెట్ సెంటర్లో నలుగురి ముందూ దాన్ని చెంప మీద కొట్టాను."

బోర్డు వాళ్ళు మాకిచ్చిన మార్కుల సీడీ పెట్టి చూశాను. ఫస్ట్ క్లాసు. ఆ మాట చెబితే నాన్న, "దానికే చెప్పు," అన్నారు. చెల్లెలు ఫోనందుకుంది.

"బాగా రాశానని చెబుతూనే ఉన్నానన్నయ్యా. కంప్యూటర్ని నమ్మారు గానీ నన్ను నమ్మలేదు."

"ఎక్కడో లైను పోయుంటుందిలే," అన్నాను. తప్పు నాదని చెప్పే ధైర్యం లేకపోయింది.

వెంటనే మా ఓనరు దగ్గరికి వెళ్ళాను. 'సర్వర్ పనిచేయడం లేదు, మళ్ళీ చూడండి' అని మారుస్తానన్నాను.

"మన సర్వర్ పడిపోయిందని మనమే టాంటాం వేసుకుంటామేంటండీ? సాయంత్రానికి లేపేద్దాం. అప్పుడు వాళ్ళే చూసుకుంటారు."

ఒక్క లైను మార్చాలి. ఆయన్ని అడగకుండానే మార్చేయొచ్చు. "సరేనండి," అన్నాను. ఆ 'అండి' తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

వచ్చి సీట్లో కూర్చున్నాను. మూడో సర్వర్‌కి వెళ్ళి వట్టి చేతులతో తిరిగొస్తున్న నంబర్లు తెర మీద వరసగా కనబడుతున్నాయి. మా చెల్లెలికి ఫోన్లో పాసయ్యావని చెప్పడానికి నేనున్నాను. ఆ పిల్లలకి ఎవరున్నారు? కొన్ని నంబర్లు మళ్ళీ మళ్ళీ వచ్చాయి, నమ్మలేక మళ్ళీ కొడుతున్నారన్నమాట. తర్వాత అవీ రావడం మానేశాయి. సాయంత్రం దాకా చూస్తూనే కూర్చున్నాను.