పెనుగొండ నుంచి వచ్చిన బోణీలు

నా రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు, ఒక ఆషాఢం మొదట్లో, రాజమండ్రిలోని ఒక ఇత్తడి సామాన్ల కొట్టు ఖాతా నా చేతికొచ్చింది. అప్పటికి నేను ఒక ప్రకటనల ఏజెన్సీలో రాజమండ్రి శాఖ మేనేజర్ని. మా వృత్తిలో ఖాతా అంటే ఒక వ్యాపారి ప్రకటనల బాధ్యత మొత్తం మనదేనని అర్థం. ఉద్యోగంలో చాలా ఏళ్ళు పత్రికల్లో సెంటీమీటర్ల లెక్కన జాగా కొని ప్రకటనలు వేయించి, ఊరూరా బోర్డులు కట్టించినదాన్ని. ఆన్‌లైన్ ప్రకటనలు వచ్చాక, నా కూతురి వయసు పిల్లల పక్కన కూర్చుని పరీక్షలు రాసి మరీ ఆ పని నేర్చుకున్నాను. అందుకని ఈ విషయంలో నాకు కొంచెం పొగరు ఉండేది, ఇప్పటికీ ఉంది.

కొట్టు యజమాని వెంకటరత్నం గారు. తాతల నాటి వ్యాపారం. గంగాళాలు, బిందెలు, కుందులు, గంటలు, హారతి పళ్ళాలు, అన్నీ కొట్టు గుమ్మం దాకా పేర్చి ఉండేవి. ఆయన్ని ఆన్‌లైన్‌లోకి దింపింది కోడలు హారిక. కాకినాడలో ఎరువుల కంపెనీ ఆఫీసులో మంచి ఉద్యోగం మానేసి, మేడ మీద గదిలో తెల్లగుడ్డ కట్టి, ఒక్కొక్క సామానుకీ తనే ఫొటో తీసి వెబ్‌సైట్ తయారు చేయించింది. మామగారు సరేనన్నారు గానీ ఒక షరతు పెట్టారు. వరలక్ష్మీ వ్రతం నాటికి ఆ వెబ్‌సైట్ తన ప్రకటనల ఖర్చు తనే సంపాదించుకోవాలి. లేకపోతే మూసెయ్యడమే. ఉద్యోగం వదిలేసి వచ్చిన పిల్ల, ఇది కూడా పోతే రెంటికీ చెడుతుంది. నా ఎదురుగా కూర్చుని ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె చేతిలో పెన్ను మూత తీస్తూ పెడుతూనే ఉంది.

ఈ ప్రకటనలు ఎలా పనిచేస్తాయో రెండు ముక్కల్లో చెబుతాను. ఎవరైనా ఫోన్లో ఏదో ఒక మాట కొట్టి వెతికితే, ఆ మాటకు సంబంధించిన ప్రకటన పైన కనిపిస్తుంది. కనిపించినందుకు డబ్బు పోదు. దాన్ని నొక్కితే పోతుంది. దాన్నే క్లిక్కు అంటాం. రోజుకు ఇంత అని ఒక హద్దు పెడతాం, ఆ హద్దు దాటగానే ప్రకటన మర్నాటి దాకా పడుకుంటుంది. చివరికి చూడాల్సింది ఒకటే, నొక్కినవాళ్ళలో ఎంతమంది కొన్నారని.

మొదటి వారం క్లిక్కులు వెల్లువలా వచ్చాయి. విజయవాడ హెడ్డాఫీసు నుంచి మా రీజనల్ మేనేజర్ ఫోన్ చేసి, కొత్త ఖాతాకి ఇంత స్పందన ఎప్పుడూ చూడలేదని మెచ్చుకున్నారు. ఆర్డర్లు మాత్రం ఒక్కటీ లేవు. జనం టిఫిన్లు తినేలోపే ఆ రోజు డబ్బంతా అయిపోయేది. నేను కొట్టుకు వెళ్ళి క్లిక్కుల సంగతి చెబితే వెంకటరత్నం గారు నెమ్మదిగా విన్నారు.

"ఎంతమంది కొన్నారండి?" అని అడిగారు.

ఇంకా ఎవరూ కొనలేదని చెప్పాను.

"అంటే గుమ్మం దాకా వచ్చి తొంగిచూసి పోతున్నారన్నమాట. దానికి డబ్బులు మనం కడుతున్నామన్నమాట. బావుందండి!"

నాకు ఒళ్ళు మండింది, కానీ ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. వెబ్‌సైట్ తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతోందో చూశాను. డబ్బు కట్టే పేజీ చూశాను. నేనే ఒక హారతి పళ్ళెం ఆర్డరు పెడితే చక్కగా ఇంటికొచ్చింది. హారిక పాపం చింతపండు పెట్టి తోమి, అన్నిటికీ మళ్ళీ ఫొటోలు తీసింది. ఫలితం లేదు. అప్పుడు క్లిక్కులు ఏ ఊళ్ళ నుంచి వస్తున్నాయో తీసి చూస్తే పెనుగొండ పైన ఉంది. తర్వాత తుని, కాకినాడ. పెనుగొండ అనగానే నాకు అమ్మవారి గుడికి వచ్చే యాత్రికులు గుర్తొచ్చారు. దర్శనానికి వచ్చినవాళ్ళు దీపాలు, కుందులు వెతుక్కుంటున్నారు కాబోలనుకుని, మహా తెలివైనదానిలా పెనుగొండకు హద్దు పెంచాను. పెంచిందంతా కూడా టిఫిన్ల వేళకే హరీమంది!

ఇక లాభం లేదని ఒక పొద్దున కొట్టు తెరిచే వేళకే వెళ్ళి కూర్చున్నాను. వెంకటరత్నం గారు దీపం వెలిగించి, గల్లాపెట్టెకు అగరొత్తులు తిప్పుతున్నారు. హారిక నా పక్కన ల్యాప్‌టాప్ తెరిచింది. మా కళ్ళెదుటే క్లిక్కులు ఒకటొకటిగా పడడం మొదలైంది. అంతలో ఆయన ఫోన్ మోగింది. చేతిలో అగరొత్తులున్నాయి కాబట్టి స్పీకర్ పెట్టారు. పెనుగొండలో ఉండే ఆయన అక్కగారు, కనకమ్మ గారు.

"ఒరేయ్ రత్నం, బోణీ చేసేశాన్రా! నేను నొక్కాను, కోడలు నొక్కింది, కింద వాటా వాళ్ళ చేత కూడా నొక్కించాను. ఇంక నీకు ఢోకా లేదు."

"నీ చెయ్యి మంచిదక్కా," అన్నారు ఈయన భక్తిగా.

నేను కుర్చీలోంచి లేచాను. "ఏంటండీ ఆవిడ నొక్కింది?"

"ఇంకేంటండీ, మన ప్రకటనే!"

విషయం అప్పుడు బయటికొచ్చింది. వాళ్ళలో ఎవరు కొత్త కొట్టు తెరిచినా, చుట్టాలందరూ మొదటిరోజు వచ్చి తలా ఒక వస్తువు కొని బోణీ చేస్తారు. గరిటె కొన్నా సరే, మంచి చెయ్యి పడాలి. వెబ్‌సైట్ కూడా కొత్త కొట్టే కదా అని వెంకటరత్నం గారు హారిక లేని, పెద్దవాళ్ళ గ్రూపులో సందేశం పెట్టారట. ఫోన్లో కొట్టు పేరు కొట్టండి, పైన మన ప్రకటన వస్తుంది, చేత్తో నొక్కి దీవించండి అని. కనకమ్మ గారు ఆ పనిని తన నెత్తిన వేసుకున్నారు. ఒక్కరోజుతో ఆపకుండా రోజూ స్నానం చేసి, దీపం పెట్టి, ఊరంతా ఉన్న బంధువుల ఇళ్ళకు ఫోన్లు చేసి నొక్కించేవారు. తునిలో ఉన్న బావగారు తన కొట్లో గుమాస్తాల చేత కూడా నొక్కించేవారు. కాకినాడ చుట్టాలూ తక్కువ తినలేదు. ఒకే ఫోన్ నుంచి వెంటవెంటనే నొక్కితే ప్రకటనల కంపెనీ పసిగట్టి ఆ డబ్బు తీసుకోదు. ఇన్ని ఇళ్ళ నుంచి, ఇంటింటికీ వేరే ఫోన్లతో, రోజుకొకసారి పద్ధతిగా నొక్కుతుంటే కొనుగోలుదారులే అనుకుంటుంది. వాళ్ళ పద్ధతి అంత బాగుంది మరి.

నేను నెత్తి కొట్టుకుని, ఆ ప్రతి నొక్కుకూ డబ్బు పోతోందని చెప్పాను. ఆయన చేతిలో అగరొత్తులు గాల్లో ఆగిపోయాయి.

"అంటే మా అక్క రోజూ పొద్దున్నే నా గల్లాపెట్టెలో చెయ్యి పెడుతోందా!"

హారిక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నేనైతే దాచుకోలేకపోయాను, పగలబడి నవ్వాను.

నొక్కొద్దని గ్రూపులో చెప్పేయండి అంటే ఆయన ఒప్పుకోలేదు. బోణీ చెయ్యొద్దని అక్కతో అనేదెలా, శుభమా అని మొదలుపెట్టిన పనిలో ఆ మాట నా నోటంట రాదు అన్నారు. సరే, చెప్పనక్కర్లేదన్నాను. ప్రకటన ఏ ఊళ్ళో కనిపించాలో, ఏ ఊళ్ళో కనిపించకూడదో మనమే పెట్టుకోవచ్చు. పెనుగొండ, తుని, కాకినాడ తీసేశాను. కొట్టు పేరు కొట్టి వెతికేవాళ్ళకు కూడా కనిపించకుండా చేశాను. వస్తువు కావలసినవాడు వస్తువు పేరు కొడతాడు, కొట్టు పేరు కొట్టేవాడికి మనం ముందే తెలుసు.

పని అయిపోయిందనుకున్నాను. నాలుగు రోజులు తిరక్కుండానే వెంకటరత్నం గారు చెమటలు కక్కుకుంటూ మా ఆఫీసుకొచ్చారు. వెనకాలే హారిక.

"మేడం గారూ, మా తుని బావ నాకు అప్పిస్తానంటున్నాడండీ! నేనడక్కుండా! ఇంతకంటే అవమానం ఉంటుందా?"

ప్రకటన కనిపించకపోయేసరికి చుట్టాల్లో గగ్గోలు పుట్టింది. రత్నం చితికిపోయాడు, ప్రకటనకు కూడా డబ్బుల్లేవు అనే మాట పెనుగొండలో పుట్టి తునికి చేరి, సరుకు పంపే వ్యాపారి దాకా వెళ్ళింది. ఆ వ్యాపారి మర్యాదగానే ఫోన్ చేసి పాత బాకీ ఎప్పుడిస్తారని అడిగాడట. బజారులో మాట పోతే ఇంక కొట్టెందుకు అన్నారాయన. ఈ వెబ్‌సైటూ వద్దు, ఈ గోలా వద్దు, రేపే మూసేద్దాం అన్నారు. హారిక కళ్ళు నిండిపోయాయి.

అప్పుడు నాకు నా పాత వృత్తి అక్కరకొచ్చింది. "మీ వాళ్ళకి కావలసింది మీ పేరు కనపడడం. అంతేగా? కనపడేలా చేద్దాం, ఫోన్లో కాదు," అన్నాను. పెనుగొండలో గుడికి వెళ్ళే దారిలో ఒక పెద్ద ఫ్లెక్సీ, తుని బస్టాండు దగ్గర ఒకటి, కాకినాడలో ఒకటి కట్టించాం. కొట్టు పేరు, ఇత్తడి దీపాల వరస, పక్కన చేతులు జోడించిన వెంకటరత్నం గారు. మూడింటికీ కలిపి అయిన ఖర్చు, చుట్టాలు వారంలో నొక్కేసిన దానికంటే తక్కువ. పెనుగొండలో కనకమ్మ గారే కొబ్బరికాయ కొట్టారు. అక్కడే ఆయన ధైర్యం చేసి, ఇకమీదట మనవాళ్ళకి ఈ బోర్డు, ఫోన్లో వచ్చేది పరాయి ఊళ్ళవాళ్ళకి అని అక్కకు చెప్పేశారు.

"ముందే చెప్పొచ్చుగా సచ్చినోడా!" అన్నారావిడ. "పొద్దున్నే ఇంతమందిని లేపలేక నా ప్రాణం పోతోంది."

ఫ్లెక్సీ ముందు నిలబడి ఆవిడ దిగిన ఫొటో గ్రూపులో పడగానే, తుని బావగారు అప్పు మాట మళ్ళీ ఎత్తలేదు. సరుకు వ్యాపారి కూడా మెత్తబడ్డాడు.

క్లిక్కులు అమాంతం పడిపోయాయి. హెడ్డాఫీసు నుంచి కంగారుగా ఫోన్ వచ్చింది, ఏమైందండీ అని. చుట్టాలు వెళ్ళిపోయారండి, ఇక బేరగాళ్ళు రావాలి అన్నాను. వాళ్ళకు అర్థం కాలేదు.

శ్రావణం వచ్చిన రెండో రోజో మూడో రోజో, నేను కొట్లో ఉండగానే హారిక ల్యాప్‌టాప్‌లో ఆర్డరు గంట మోగింది. వ్రతానికి ఒక కలశం, ఒక జత కుందులు. బళ్ళారి నుంచి ఎవరో ఒకావిడ. వెంకటరత్నం గారు కళ్ళజోడు సర్దుకుని ఆ పేరు రెండుసార్లు చదివారు.

"ఎవరమ్మా ఈవిడ? మన వాళ్ళ తాలూకా?"

"కాదు మామయ్యగారూ. ఎవరో మనకి తెలీదు."

"అసలు తెలీదా?"

"అసలు తెలీదండి."

ఆయన చెప్పులు విడిచి లేచి నిలబడి, ఆ ల్యాప్‌టాప్‌ను కళ్ళకద్దుకున్నారు. "అయితే బోణీ ఇదేనమ్మా," అన్నారు. ఆ కుందులను హారికకు ఇవ్వకుండా తనే తుడిచి, తనే పొట్లం కట్టారు. వరలక్ష్మీ వ్రతం శుక్రవారానికి వెబ్‌సైట్ తన ఖర్చు తను రాబట్టుకుని, పైన కొంత మిగిల్చింది కూడా. మేడ మీద గదిని ఆయన హారిక పేర ఆఫీసుగా మార్పించారు.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏ కొత్త ఖాతా వచ్చినా, బడ్జెట్ గురించి, ఫొటోల గురించి మాట్లాడేముందు ఒక ప్రశ్న అడిగేదాన్ని, మీ చుట్టాలు ఏయే ఊళ్ళలో ఉంటారండి అని. కొందరు నేను సంబంధాలు చూస్తున్నానేమో అనుకుని కొడుకు చదువు కూడా చెప్పేవారు. అంతా విని, ఆ ఊళ్ళ పేర్లు ప్రకటనలోంచి తీసేసి, అక్కడ ఫ్లెక్సీలు కట్టించమనేదాన్ని.