పేరు రాయక్కర్లేదన్నాను

రాజమహేంద్రవరంలో ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను. మా సబ్జెక్టు తీసుకునేవాళ్ళు ఏటా తగ్గిపోతుంటే, హైస్కూళ్ళకు వెళ్ళి పదో తరగతి పిల్లలకు అదేమిటో పరిచయం చేసి రమ్మన్నారు మా ప్రిన్సిపాల్ గారు. సైకాలజీ అంటే పిచ్చివాళ్ళ చదువు అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంటతోనే సగం స్కూళ్ళు తిరిగాను.

ఆ రోజు వెళ్ళింది ద్రాక్షారామం దాటి, సముద్రం వైపు ఇంకా లోపలికి, చేపలు పట్టేవాళ్ళ ఊరు. బస్సు దిగి, ఆటోలో స్కూలు చేరేసరికి పదకొండైంది. గేటు పక్క నల్లబల్ల మీద మధ్యాహ్న భోజనం ఏమిటో రాసి ఉంది. పులిహోర, పచ్చడి, గుడ్డు. రాసిందెవరో గానీ అచ్చు వేసినట్టుంది. ప్రతి తలకట్టూ చివర్లో చిన్నగా వంపు తిరిగింది. ముచ్చటేసి రెండు నిమిషాలు అక్కడే నిలబడ్డాను.

నా పద్ధతి ఒకటుంది. పాఠం చెప్పను. పిల్లలందరికీ తలో కాగితం ముక్క ఇచ్చి, మనసు గురించి మీకు తెలుసుకోవాలని ఉన్నది ఒకటి రాయండి, పేరు రాయక్కర్లేదు అంటాను. ఆ చీటీలు నా టిఫిన్ డబ్బాలో వేయించి, ఒక్కొక్కటీ తీసి చదివి జవాబు చెబుతాను. "పేరు లేకపోతే ఎవరు రాశారో దేవుడికి కూడా తెలీదు, ధైర్యంగా రాయండి" అని ఆ రోజు కూడా గొప్పగా అన్నాను. కాలేజీలో వందల పేపర్లు దిద్దే నాకు పేరు లేని కాగితం నిజంగానే ఎవరిదో తెలియదు. ఒక ఊళ్ళో అలా ఉండదని నాకు తట్టనే లేదు.

మొదటి చీటీలో, సైకాలజీ చదివితే ఎదుటివాళ్ళ మనసులో మాట తెలిసిపోతుందా అని ఉంది. తెలిస్తే నేను ఇంతకాలం మా ఆయనతో ఎందుకు పోట్లాడతాను అన్నాను. క్లాసంతా నవ్వింది. రెండో చీటీ లెక్కల పరీక్ష ముందు వచ్చే కడుపునొప్పి గురించి. మూడోది, మీకు కోపమొస్తే ఏం చేస్తారు మేడమ్ అని. నాలుగో చీటీ విప్పాను.

"మా అమ్మ చనిపోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. నేను మంచిదాన్ని కాదా?"

అక్షరాల చివర ఆ వంపు నా కళ్ళ ముందే ఉంది. కాసేపటి క్రితం ముచ్చటపడి చూసిందే. అయినా పోల్చుకోలేదు.

పోల్చుకోకపోవడానికి కారణం ఉంది. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా మా నాన్న పోయారు. వచ్చినవాళ్ళకు కాఫీలు కలుపుతూ, గ్లాసులు కడుగుతూ మూడు రోజులు గడిపాను. కంట్లోంచి చుక్క రాలేదు. నాలో ఏదో లోపం ఉందన్న భయంతోనే తర్వాత ఎమ్మే సైకాలజీలో చేరాను. ఈ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆ చీటీ పట్టుకుని నిలబడ్డప్పుడు అది నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. దుఃఖం ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా బయటపడుతుంది, ఇది లోపం కాదు అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పి అయిదో చీటీ తీశాను.

క్లాసు అయ్యాక వాళ్ళ క్లాస్ టీచరు చార్టు తెచ్చారు. "మేడమ్ గారండీ, ప్రోగ్రామ్ జరిగినట్టు ఫోటో పెట్టాలండి. చీటీలు దీనిమీద అంటిద్దామా అండి?" ఆవిడ రోజూ అలాంటివి పెట్టి పెట్టి విసిగిపోయి ఉన్నారు. సరే అన్నాను. అంతటితో ఊరుకోలేదు. అన్నిటికన్నా మంచి ప్రశ్న కదా అని ఆ నాలుగో చీటీని చార్టు నడిమధ్య నా చేత్తోనే అంటించాను. పక్కన నిలబడి నవ్వాను. ఫోటో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది. నా ఫోన్లో ఇప్పటికీ ఉంది. పిల్లలందరూ కెమెరా వైపు చూస్తున్నారు. చివర నిలబడ్డ ఒకమ్మాయి మాత్రం చార్టు మధ్యకి చూస్తోంది.

వారం తర్వాత టీచరు ఫోన్ చేశారు. స్కూలు బోర్డు రాసేది ఆ చీటీ రాసిన అమ్మాయేనట. ఆ వీధిలో డ్వాక్రా ఆడవాళ్ళ తీర్మానాల పుస్తకం రాసేది కూడా ఆ పిల్లే. ఆ రాత కింద వేలిముద్రో సంతకమో పెట్టని ఆడమనిషి ఆ వీధిలో లేదు. ఫోటో వచ్చిన సాయంత్రానికే అందరికీ తెలిసిపోయింది. పిల్ల బడి మానేసింది. పబ్లిక్ పరీక్షలకు రెండు నెలలుంది.

మర్నాడే వెళ్ళాను. వాళ్ళ నాయనమ్మ గుమ్మం ముందు చేపలు ఎండబెడుతోంది. తప్పు నాది, పిల్లది కాదు అని చెప్పాను.

"తల్లి శవం ముందు ఈ పిల్ల కంట తడి పెట్టలేదని అప్పుడే అన్నారండి. పిల్ల బెదిరిపోయిందమ్మా అని నేనే అందరి నోళ్ళూ మూయించానండి. ఇప్పుడు తనే రాసుకుందని ఫోన్ తెచ్చి నా మొహమ్మీద పెట్టారండి. ఇంకేం చెప్పనండి?"

"నేనొచ్చి వాళ్ళకి చెబుతానమ్మా."

"ఆయ్, మీరు చెప్పి వెళ్ళిపోతారండి. అది ఇక్కడే ఉండాలి కదండి."

లోపల చీపురు చప్పుడు వినిపిస్తోంది. పిల్ల బయటికి రాలేదు. తిరిగి వస్తుంటే స్కూలు బోర్డు మీద పులిహోర అని ఎవరో వంకరటింకరగా రాశారు. పాతికేళ్ళుగా మనసు గురించి చెబుతున్నాను, ఒక పిల్ల నన్ను నమ్మి తన మనసు నా డబ్బాలో వేస్తే గోడకు అంటించాను.

టీచరు ఆ పిల్ల ఇంటి చుట్టూ పదిసార్లు తిరిగి, బోటు మీంచి వచ్చిన తండ్రిని పట్టుకుని, పరీక్షలు రాయించడానికి ఒప్పించారు. ఆఖరి పరీక్ష రోజు నేను మండలంలోని సెంటరు దగ్గరికి వెళ్ళాను. ఒక చీటీ రాసి పట్టుకెళ్ళాను. చేతిలో అట్టతో ఆ పిల్ల గేటు బయటికి వచ్చింది. బాగా చిక్కిపోయింది.

"గుర్తుపట్టావా అమ్మా?"

"ఆయ్, పట్టానండి."

చీటీ ఇచ్చాను. "మా నాన్న పోయినప్పుడు నాకు కూడా ఏడుపు రాలేదు. ఆ రోజు క్లాసులో నీకు చెప్పవలసింది, చెప్పలేకపోయాను" అని రాసి, కింద నా పూర్తి పేరు పెట్టాను. ఆ పిల్ల చదివింది. మళ్ళీ చదివింది. గబుక్కున చుట్టూ చూసింది.

"పేరు కూడా రాసేశారేంటండి!"

"పర్వాలేదమ్మా. నీ దగ్గర ఉంచుకో. ఎవరికి చూపించినా నాకేం పర్వాలేదు."

తల అడ్డంగా ఊపింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నా అరచేతిలో ఉంచి, నా వేళ్ళు మూసింది.

"వద్దు మేడమ్. మీ దగ్గరే ఉంచుకోండి. ఎవరైనా చూస్తారండి."

వెళ్ళి వాళ్ళ ఊరి ఆటో ఎక్కింది. ఆటో కదిలేదాకా నా చేతివంకే చూస్తూ కూర్చుంది, కాగితం సంచిలో పెట్టుకున్నానా లేదా అని.